పన్నెండు గళ్ళ సంవత్సరం

సంవత్సరం ఆఖరి రోజంటే మనకి ఉగాది ముందు అమావాస్య. ఇల్లు కడుక్కోవడం, మామిడాకులు తెప్పించుకోవడం, వేపపువ్వు కోసం పిల్లల్ని వీధిలోకి తరమడం. అదే పాతకాలపు జపానులో అయితే ఆ రోజు అప్పుల రోజు. బియ్యం, కట్టెలు, బట్టలు, వెచ్చాలు అన్నీ కొట్లో పద్దు మీద తెచ్చుకునేవారు. ఆ పద్దులు తీర్చడానికి ఏడాదికి ఒకటి రెండు గడువులుండేవి. అందులో పెద్దది సంవత్సరాంతం. ఆ రాత్రి తెల్లారేలోగా బాకీ వసూలు చేసుకోవాలని కొట్లవాళ్ళు దీపాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవారు.

ఆ ఒక్కరోజు మీద ఏకంగా ఒక పుస్తకమే ఉందంటే నమ్ముతారా? ఒసాకా రచయిత ఇహరా సైకాకు 1692లో ఇరవై కథలు అచ్చు వేయించాడు. ఇరవై కథలూ సంవత్సరాంతపు అప్పుల మీదే. అందులో ఒకచోట ఇద్దరు మగవాళ్ళు ఇళ్ళు మార్చుకుని కూచునే ఉపాయం వస్తుంది. వీడు వాడింట్లో, వాడు వీడింట్లో చేరి, నా బాకీ తేల్చందే గుమ్మం దిగనని ఇల్లాలి మీద కేకలు. నిజం అప్పులవాడు వాకిట్లోకొచ్చి, లోపల తనకంటే మొండివాడు కూచున్నాడని చూసి, ఇక్కడేం రాలదనుకుని వెళ్ళిపోతాడు. నవ్వొస్తుంది, నిజమే. రోజంతా పరాయి మగాడి కేకలు వింటూ కూచున్న ఆ ఇల్లాళ్ళని తలుచుకుంటే మాత్రం నాకు నవ్వు సగంలో ఆగిపోతుంది.

ఈ అవస్థకి కారణం ఒక్క పేదరికమే అనుకోను. సంవత్సరమంతా ఒకే ముద్దగా ఉండటం కూడా కారణమే. అప్పు రోజూ పెరిగేది, కనిపించేది మాత్రం ఒక్కరోజు.

ఆ ముద్ద నెలలుగా విడిపోవడానికి నెలజీతాలు రావాలి. జపానులో ఆ నెలజీతాల వెనక ఒక తమాషా ఉంది. వాళ్ళకీ మనలాగే చాంద్రమానం, అధికమాసం ఉండేవి. 1872 చివర్లో ప్రభుత్వం ఉన్నట్టుండి సౌరమానానికి మారిపోతున్నామని చాటింది. పన్నెండో నెల రెండు రోజులు గడిచాయో లేదో, మర్నాడే 1873 జనవరి ఒకటి! ఆధునికత కోసం అన్నారు. అసలు గుట్టు ఆనాటి పెద్దల్లో ఒకరైన ఓకుమా షిగెనొబు తర్వాత తనే చెప్పాడు. రాబోయే ఏడు అధికమాసం ఉంది. అంటే ఉద్యోగులకి పదమూడు జీతాలివ్వాలి. ఖజానా చూస్తే ఖాళీ. పంచాంగం మార్చేస్తే ఆ పదమూడోది తప్పుతుంది, రెండురోజుల నెలకి జీతమూ తప్పుతుంది. జీతాలివ్వాల్సిన దొర పంచాంగాన్నే దిద్దేశాడన్నమాట! ఆ నెల ఉద్యోగుల భార్యలు ఏమనుకున్నారో చరిత్రలో ఎవరూ రాసిపెట్టలేదు.

ఆ 1873లోనే, ఉత్తరాన హచినొహె అనే ఊళ్ళో ఒక సమురాయి కుటుంబంలో మోతోకో అనే ఆడపిల్ల పుట్టింది. టోక్యో వెళ్ళి చదువుకుంది. డబ్బు చాలకపోతే, బడివాళ్ళ పత్రికకి ప్రూఫులు దిద్దిపెట్టి ఫీజు తప్పించుకుంది. కొన్నాళ్ళు పంతులమ్మ. ఒక పెళ్ళయింది, కొద్ది నెలల్లోనే తెగిపోయింది. తర్వాత ఒక లేడీ డాక్టరుగారింట్లో పనిమనిషిగా చేరింది. చదువుకున్న పిల్ల అంట్లు తోమడమా అని మనం నొచ్చుకుంటాం గాని, ఇల్లు నడవడానికి ఎంతవుతుందో ఆమెకి తెలిసింది అలాంటి చోట్లేనని నాకనిపిస్తుంది. ఒక దినపత్రికలో మళ్ళీ ప్రూఫుల పని సంపాదించి, అక్కణ్ణించి విలేఖరి అయింది. జపానులో మొదటి మహిళా విలేఖరి ఆమే అంటారు. 1901లో తోటి ఉద్యోగిని పెళ్ళాడింది. వరుడు ఆమెకంటే ఏడేళ్ళు చిన్నవాడు. అక్కణ్ణించి ఆవిడ హానీ మోతోకో. 1903లో దంపతులిద్దరూ కలిసి ఇల్లాళ్ళ కోసం ఒక పత్రిక పెట్టారు. పెద్దకూతురూ, పత్రికా ఆ ఏడాదే పుట్టారు.

మరుసటేడు, 1904లో, ఆవిడ ఇంటి జమాఖర్చుల పుస్తకం అచ్చు వేయించింది. దాన్ని వాళ్ళ భాషలో కకేబో అంటారు. అది రష్యాతో యుద్ధం మొదలైన సంవత్సరం. పన్నులూ ధరలూ ఎక్కిపోతున్న రోజులు.

జమాఖర్చుల పుస్తకం కొత్తేమిటి, మా తాతగారూ రాసేవారంటారా? రాసేవారు. ఆ లెక్క అయిపోయిన ఖర్చుకి కర్మకాండ లాంటిది. ఎంత పోయిందో చెబుతుంది, పోకుండా చూడదు. హానీ పద్ధతిలో మొదట రాసేది ఖర్చు కాదు, అంచనా. ఏడాదికి వచ్చేదెంత, అందులో పన్నులకీ నిల్వకీ పక్కన పెట్టేదెంత, ఆ మిగిలినదాంట్లో ఇల్లెలా నడపాలి. పొదుపంటే నెలాఖరున చీరకొంగు దులిపితే రాలేది కాదు, నెల మొదట్లోనే దాని పద్దు దానికుంటుంది. తిండిని కూడా ఆవిడ ఒకే గంపలో వెయ్యలేదు. అన్నానికి వేరు, ఉప్పూ పులుసూ లాంటి దినుసులకి వేరు, కూరలూ చేపలకి వేరు. దీపానికీ వంటచెరుకుకీ ఒకటి, బట్టలకొకటి, పిల్లల చదువుకొకటి, పెట్టుపోతలకొకటి. లోకోపకారానికి కూడా ఒకటి ఉండటం నాకు ముచ్చటేసింది.

ఎలా నడుస్తుందో చూడండి. ఒకావిడ ఏడాదికి అరవై యెన్లు వెనకేద్దామనుకుందనుకోండి. నెలకి అయిదు. ఆ అయిదూ నిలవాలంటే కూరలకీ చేపలకీ నెలకి ఆరు యెన్లు దాటకూడదు. అంటే రోజుకి ఇరవై సెన్లు. యెన్‌కి నూరు సెన్లు. పన్నెండో తారీఖు రాత్రి కూడిక వేస్తే రెండు యెన్ల నలభై ఉండాలి. రెండు డెబ్భై తేలింది. అంటే ముప్పై సెన్లు రేపటివీ ఎల్లుండివీ తినేశామన్నమాట! మర్నాడు చేప లేదు, సోయా పాలతో చేసే టోఫు ముక్కే. సంవత్సరం ఆఖరున వీధిలోంచి రావలసిన ఆ కబురు పన్నెండో తారీఖు రాత్రే వంటింట్లోంచి వచ్చేసింది. గుట్టుగా, ముప్పై సెన్లతో.

నెలాఖరున అంచనా పక్కన అసలు ఖర్చు వేసుకుంటారు. అలా పన్నెండు నెలలూ వరసన నిలబడితే ఏ నెల కాలు జారిందో ఇట్టే తెలిసిపోతుంది. పెళ్ళిళ్ళ నెలా, బడి తెరిచే నెలా అన్ని దేశాల్లోనూ జారే నెలలే. జీతగాళ్ళకి వేసవిలో ఒకసారీ ఏడాది చివర్లో ఒకసారీ బోనసు ఇచ్చే ఆనవాయితీ పెరిగాక, జారినచోట ఆ డబ్బు అడ్డుపడేది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. 1898లో అమల్లోకొచ్చిన జపాను పౌరస్మృతి ప్రకారం, పెళ్ళయిన స్త్రీ భర్త అనుమతి లేకుండా పెద్ద లావాదేవీలేవీ చెయ్యకూడదు. ఆమె ఆస్తిని కూడా భర్తే చూసుకోవాలి. డబ్బు ఆమెది కాదు, ఇల్లు ఆమెది కాదు. కలం మాత్రం ఆమె చేతికొచ్చింది. ఆ ఇంటి అరవై యెన్ల సంగతి ముందుగా తెలిసేది ఆమెకే. హక్కుల దగ్గర ఇదెంత అని తీసిపారేసేవాళ్ళుంటారు. నేను తీసిపారేయలేను. ఇంటాయన "డబ్బెక్కడికి పోతోంది?" అని గద్దించినప్పుడు పుస్తకం తెచ్చి ముందుపెట్టగలగడం ఎంత ధైర్యమో, అడిగించుకున్నవాళ్ళకి తెలుసు.

ఇంత మంచి అలవాటు సర్కారు కంటబడకుండా ఉంటుందా? 1920ల్లో ప్రభుత్వం పొదుపు ప్రచారాలు మొదలుపెడితే హానీ మోతోకో కూడా వాటికి చేయూతనిచ్చారు. అప్పటికది ఇంటికి మంచిది చెప్పడమే. చైనాతో యుద్ధం ముదిరాక, 1938లో దేశమంతా కలిసి 800 కోట్ల యెన్లు పొదుపు చెయ్యాలని లక్ష్యం పెట్టారు. ఏటా ఆ అంకె పెరిగింది. 1941లో చట్టం చేసి పొదుపు సంఘాలు పెట్టారు. ఇరుగూ పొరుగూ, ఆఫీసూ, బడీ, అన్నిచోట్లా వంతులు. ఇల్లాలు తన పుస్తకంలో తను రాసుకునే అంకె పోయి పైనించి దిగివచ్చే అంకె వచ్చింది. తక్కువిస్తే పక్కింటావిడ ముందే తల వంచుకోవాలి. సైకాకు కాలంలో గుమ్మంలో నిలబడ్డ అప్పులవాడి బదులు ఈసారి చందా వసూలుకొచ్చిన చుట్టుపక్కలవాళ్ళు.

అలా కూడిన డబ్బు ఫిరంగులైంది. యుద్ధం ఓడిపోయారు. ధరలు అడ్డూ ఆపూ లేకుండా పెరిగాయి. 1946 ఫిబ్రవరిలో ప్రభుత్వం బ్యాంకు నిల్వలన్నిటికీ తాళం వేసింది. పాత నోట్లు చెల్లవు, కొత్తవి పరిమితంగానే. సొంత డబ్బులోంచి నెలకి ఇంటిపెద్దకి 300 యెన్లు, మిగిలినవాళ్ళకి తలకి 100. భార్యాభర్తలూ ముగ్గురు పిల్లలూ ఉన్న ఇంటికి 700. అంతే. తర్వాత మూడేళ్ళూ ధరలు ఎన్నో రెట్లు పెరుగుతూనే పోయాయి. తాళం తీసేసరికి లోపలున్నది పేరుకే డబ్బు. పదిహేనేళ్ళు చేప మానేసి టోఫు తిని కూడబెట్టిన ఇల్లాలికి ఎవరు ఏం జవాబు చెబుతారు? ఏ పుస్తకంలోనూ ఈ నష్టానికి గడి లేదు.

అయినా వాళ్ళు రాయడం మానలేదు. అది నన్ను ఆశ్చర్యపరిచే సంగతి. నిజానికి ఆ కరువు రోజుల్లోనే లెక్క ఎక్కువ అవసరమైంది. 1952లో పొదుపు పెంపుకని మళ్ళీ ఒక కేంద్ర సంఘం ఏర్పడింది. ఇంటి లెక్కల పుస్తకాలకి మళ్ళీ ఊపొచ్చింది. 1970ల నడుమ జపాను కుటుంబాలు రాబడిలో ఇరవై శాతం పైగా నిల్వ చేశాయి. ఇదంతా కకేబో చలవేనని కొందరంటారు. నేనంత దూరం పోను. జీతాలు ఏటేటా పెరగడం, బోనసులు, ముసలితనం గురించిన భయం, అన్నీ కలిసొచ్చాయి. కానీ పెరిగిన జీతం ఎక్కడ ఇంకిపోతోందో చూసే కన్ను ఒకటి కావాలి కదా. తర్వాత ఆ శాతం బాగా పడిపోయింది, అది వేరే కథ.

హానీ మోతోకో 1957లో కన్నుమూశారు. పుస్తకం ఆగలేదు. నూరేళ్ళు దాటాక కూడా ఏటా కొత్త అచ్చు వస్తూనే ఉంది. అందులో డిసెంబరు ముప్పై ఒకటో తారీఖు పద్దుకీ, ఏ జూన్ పన్నెండో తారీఖు పద్దుకీ ఇచ్చిన చోటు ఒక్కటే.