ఇందూరు ఖిల్లా – కోవెలయు, చెరసాలయు

నిజామాబాదు పట్టణమునకు పూర్వనామము ఇందూరు. రాష్ట్రకూట ప్రభువగు ఇంద్రుని పేర ఈ యూరు వెలసెనని పెద్దలందురు. ఇచ్చటి గుట్టపై నున్న కోటలో రఘునాథాలయము గలదు. జనులు దీనిని ఖిల్లా రామాలయమనియే పిలుతురు. శివాజీ మహారాజునకు గురువైన సమర్థ రామదాసు ఈ యాలయమును కట్టించెనని జనశ్రుతి. కోట మూలము రాష్ట్రకూటుల నాటిదనియు, నేడు కానవచ్చు గోడలును మూలల బురుజులును ఆసఫ్‌జాహీల కాలపు పనితీరును చూపుననియు చెప్పుదురు.

నిజాము ప్రభుత్వము ఈ కోటను చెరసాల గావించెను. దేవుడున్న చోట దొంగలను బంధించుట వింతగ తోచవచ్చును. కాని కాపులేని కోటల గతి యేమి? వాని రాళ్లు బండ్లకెక్కి ఊరివారి ఇండ్ల పునాదులలో చేరుట ఎన్ని గ్రామములలో చూడలేదు! పహరా యున్న గోడనుండి రాయి కదలదు. ఖైదీలకు నరకమైన చెరసాలయే కోటకు రక్షయైనది.

దేశము 1947లో స్వతంత్రమైనను, హైదరాబాదు సంస్థానము 1948 సెప్టెంబరు వరకు నిజాము చేతిలోనే యుండెను. ఆ రోజులలో దాశరథి కృష్ణమాచార్యులును, వట్టికోట ఆళ్వారుస్వామియు ఈ చెరసాలలో నుండిరి. ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను మోసికొని ఊరూర తిరిగి అమ్మినవాడు. గ్రంథాలయములకు బంధువు. కాగితము దొరకని ఆ చోట దాశరథి, పండ్లు తోముకొనుట కిచ్చు బొగ్గుతో గోడలపై పద్యములు వ్రాసి, అందుకై దెబ్బలు తినెను. విడుదలైన పిదప 1949లో ‘అగ్నిధార’ను వెలువరించి ఆళ్వారుస్వామికే అంకితమొసగెను. బొగ్గువ్రాత వెల్లవేతకు నిలుచునది కాదు. గోడకు సున్నము కొట్టించువాడు దానిపై నేమున్నదో ముందుగ చదువవలెను గదా!

చెరసాల ఇప్పుడు ఖిల్లాలో లేదు. కనుక మరమ్మతు మాట ముందుకు వచ్చును. పాత కట్టడములకు వాడినది గచ్చు. సున్నమును ఇసుకతో గానుగలో నూరి, బెల్లపునీరు, కరక్కాయనీరు కలుపుట పూర్వపు తాపీవారి ఆచారము. గచ్చు లోపలి చెమ్మను మెల్లగ వెలికి విడుచును. అట్టి గోడపై సిమెంటు పూసినచో చెమ్మ లోననే చిక్కి, ఉప్పు పొంగి, రాతి పెచ్చులూడును. పైకి నాలుగేండ్లు నున్నగ కనబడుటచే చేసినవానికి మెప్పు కూడ దక్కును! చెరకు పండు మన సీమలో బెల్లమునకు కొరతలేదు. గానుగసున్నపు పాకమెరిగిన పనివానికే కొరత.

చెరకు మాట వచ్చినది గనుక బోధను కట్టడముల సంగతియు చెప్పవలెను. మంజీరపై నిజాంసాగరు 1931లో పూర్తికాగా, ఆ నీటి యండతో 1937లో శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము నెలకొల్పబడి, ఆసియాలోని పెద్దవానిలో నొకటిగ పేరొందెను. 2015 డిసెంబరులో అది మూతబడెను. దానికింకను నూరేండ్లు నిండలేదు, శాసనములేదు, శిల్పములేదు. అందుచే ప్రాచీన కట్టడములలో దానిని లెక్కించువారు లేరు. అయినను ఈ ప్రాంతపు రెండుమూడు తరముల రైతుల బండ్లు ఆ ద్వారమున వరుసగ నిలిచినవి. ఇందూరు ఖిల్లాకు ఏదో యొక పని యుండుటచే కాపు దొరకెను. శక్కర్‌నగరపు కప్పులకు, గోడలకు ఏ పని అప్పగింతురో, లేక తుక్కు ఇనుముగ తూకము వేయుదురో, అది నేటివారు తేల్చవలసిన సంగతి.