పిల్లలమర్రి మహావృక్షము - పురావస్తు ప్రదర్శనశాల

మహబూబ్‌నగర్ పట్టణానికి సుమారు 4 కిలోమీటర్ల దూరంలో గల పిల్లలమర్రి రాష్ట్రంలోని అతి ప్రాచీన వటవృక్షాలలో ఒకటిగా ప్రసిద్ధి గాంచినది. దీని వయస్సు సుమారు 700 సంవత్సరాలని ప్రతీతి. దాదాపు 3 ఎకరాలలో విస్తరించిన ఈ వృక్షము దూరము నుండి పచ్చని గుట్ట వలె గోచరిస్తుంది. కొమ్మల నుండి దిగిన ఊడలు నేలలో వేళ్ళూని మానులుగా ఎదిగినందున తల్లి మాను ఏదో పోల్చుకొనుట కష్టము. పిల్లలమర్రి అను పేరు ఇందువలననే సార్థకమైనది.

ఆ ఊడలే వృక్షానికి ఆధారము. సందర్శకులు కొమ్మలపై ఊగుట, చుట్టూ వేసిన సిమెంటు కట్టడాల వలన ఊడలు నేలకు చేరలేకపోవుట, వీటికి తోడు చెదలు పట్టుట చేత చెట్టు క్షీణించినది. 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడగా సందర్శకుల ప్రవేశమును నిలిపివేసి, సంరక్షణ బాధ్యతను అటవీశాఖ చేపట్టినది. మానుకు రంధ్రములు చేసి పోసిన మందు వెలుపలికి కారిపోయినది. అప్పుడు రోగికి సెలైన్ ఎక్కించు పద్ధతిని అనుసరించి, పలుచన చేసిన క్లోరిపైరిఫాస్ మందును సీసాలలో నింపి, కొమ్మలకు వందలాదిగా వ్రేలాడదీసి, చుక్కలు చుక్కలుగా ఎక్కించారు. 2018లో జరిగిన ఈ చికిత్స దేశవ్యాప్తంగా వార్తలకెక్కినది. బరువైన కొమ్మలకు సిమెంటు స్తంభాలను ఊతమిచ్చి, లేత ఊడలు నేలకు చేరునట్లు మట్టి, ఎరువు నింపిన గొట్టాలను అమర్చారు.

వృక్షము చెంతనే జిల్లా పురావస్తు ప్రదర్శనశాల కలదు. పాలమూరు ప్రాంతపు ప్రాచీన శిల్పాలు ఇందులో భద్రపరచబడినవి. చెట్టును చూచి వెనుదిరుగువారు దీనిని కూడా తప్పక దర్శించవలసి యున్నది. సమీపములోని శ్రీ రాజరాజేశ్వర ఆలయము నిజానికి ఇక్కడిది కాదు. కృష్ణానదిపై నిర్మించిన శ్రీశైలం జలాశయపు ముంపు ప్రాంతమునకు చెందిన ఈ ఆలయాన్ని విప్పి, ఆ రాళ్ళతోనే ఇచ్చట పునర్నిర్మించారు. ముంపు గ్రామాల ప్రజలు 1981లో ఇండ్లు విడిచి తరలిపోయారు. వారి ఊళ్ళు నీటి పాలైనను ఈ గుడి మాత్రము మిగిలినది.

2025 మే 16న మిస్ వరల్డ్ పోటీదారులు పిల్లలమర్రిని సందర్శించారు. హైదరాబాద్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరంలో గల మహబూబ్‌నగర్‌కు జడ్చర్ల మీదుగా రోడ్డు మార్గమున, సికింద్రాబాద్ - డోన్ మార్గమున రైలులో చేరవచ్చును.