పరిశోధన రచనల్లో గ్రంథచౌర్య నివారణ

ఇతరుల రాతను, ఆలోచనను, ఫలితాలను వారి పేరు చెప్పకుండా తనవిగా ప్రకటించుకోవడం గ్రంథచౌర్యం. విశ్వవిద్యాలయాల్లో దీన్ని అరికట్టేందుకు దేశమంతటికీ వర్తించే ప్రత్యేక నిబంధనలు భారతదేశంలో 2018లో గాని రాలేదు.

చర్చ మాత్రం పాతదే. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ కవి మార్షల్, తన పద్యాలను సొంతమని చదువుకుంటున్న ఒకడిని మనుషులను ఎత్తుకుపోయేవాడితో పోల్చాడు. ప్లేజియరిజం అనే మాటకు మూలం ఆ తిట్టే. మన ఆలంకారికుల్లో రాజశేఖరుడు (సుమారు క్రీ.శ. 900) కావ్యమీమాంసలో శబ్దహరణాన్ని, అర్థహరణాన్ని రకాలుగా విడదీసి మరీ చర్చించాడు.

ఆధునిక కాలంలో పత్రికల సంపాదకులే ముందు మేల్కొన్నారు. 1997లో బ్రిటన్‌లోని వైద్య పత్రికల సంపాదకులు కొందరు కలిసి ప్రచురణ నీతి సంఘం 'కోప్'ను స్థాపించారు. 2008లో క్రాస్‌రెఫ్ సంస్థ, అచ్చుకు వచ్చిన వ్యాసాన్ని అప్పటికే వెలువడిన లక్షల వ్యాసాలతో పోల్చి చూసే సేవను ప్రచురణకర్తలకు అందుబాటులోకి తెచ్చింది.

భారతదేశంలో వ్యవస్థను కదిలించినవి కుంభకోణాలే. కుమావూన్ విశ్వవిద్యాలయ ఉపకులపతి పేరుతో వచ్చిన భౌతికశాస్త్ర వ్యాసం స్టాన్‌ఫర్డ్ శాస్త్రవేత్త రచనకు నకలని 2002లో బయటపడింది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు రాష్ట్రపతి అబ్దుల్ కలాంకు లేఖ రాశారు. విచారణ తర్వాత 2003లో ఉపకులపతి రాజీనామా చేశారు. 2008లో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వంతు వచ్చింది. అక్కడి రసాయనశాస్త్ర ఆచార్యుడొకరు విదేశీ పత్రికల్లో వేసుకున్న సుమారు 70 వ్యాసాలు నకళ్లనీ కల్పితాలనీ తేలింది. ఒకటీ రెండూ కాదు, డెబ్బై! అన్ని పత్రికల సమీక్షకుల కళ్లు గప్పగలిగారంటే లోపం ఒక్కరిది కాదు.

2018 జులైలో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) నిబంధనలు వెలువడ్డాయి. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం ఉంటే సిద్ధాంత గ్రంథాన్ని ఆరు నెలల్లో సవరించి మళ్లీ ఇవ్వాలి. 60 దాకా ఉంటే ఏడాది పాటు సమర్పించే వీల్లేదు. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అధ్యాపకులైతే వ్యాసం వెనక్కి తీసుకోవాలి; పోలిక 40 దాటితే దాంతో పాటు ఇంక్రిమెంటు కోత, కొత్త పరిశోధకులకు గైడుగా ఉండకుండా రెండు మూడేళ్ల నిషేధం. ఉపయుక్త గ్రంథసూచి, కృతజ్ఞతలు, సమీకరణాలు, వరసగా 14 పదాల వరకు ఉండే సాధారణ వాక్యఖండాలు లెక్కలోకి రావు.

ఈ అంకెలే నిబంధనల బలహీనత కూడా. సాఫ్ట్‌వేర్ కొలిచేది పోలికను, దొంగతనాన్ని కాదు. ఒక పేజీ ఆలోచన ఎత్తుకొచ్చి మాటలు మార్చినవాడు 5 శాతంతో గట్టెక్కుతాడు. పరిశోధక విద్యార్థుల్లో 'పర్సంటేజీ తగ్గించడం' ఒక విద్యగా మారిందంటే అందుకు ఈ గీతలూ కొంత కారణం.

నకలు పట్టాలంటే అసలు కళ్లెదుట ఉండాలి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే శోధగంగలో దేశంలోని సిద్ధాంత గ్రంథాలు ఎవరైనా చదువుకునేలా చేరుతున్నాయి. 2019లో అదే కేంద్రం 'శోధశుద్ధి' పేరుతో విశ్వవిద్యాలయాలకు పోలిక చూసే సాఫ్ట్‌వేర్‌ను ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది.

తెలుగు శాఖలకు ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా అక్కరకు రాలేదు. యూనికోడ్‌కు ముందు 'అను' ఫాంట్లలో కంపోజ్ చేసిన గ్రంథాలు యంత్రానికి అర్థంలేని గుర్తుల వరసలు. స్కాన్ చేసి పెట్టినవి వట్టి బొమ్మలు. ఇంగ్లిషు నుంచి తెలుగులోకి దించుకున్న అధ్యాయం మాటల పోలికకు అందదు. అలాంటి నకలును నేటికీ పట్టేది రెండూ చదివిన పరీక్షకుడే.