కరాచీ పేరుతో హైదరాబాద్ బేకరీ

1947 దేశ విభజనలో పంజాబ్, బెంగాల్ రెండుగా చీలాయి. సింధ్ మాత్రం మొత్తంగా పాకిస్తాన్‌కే వెళ్లింది. అందుకే భారత్‌కు తరలివచ్చిన సింధీ హిందువులకు తమదని చెప్పుకోవడానికి ఒక రాష్ట్రమంటూ లేకుండా పోయింది. ఇల్లూ వాకిలీ వదిలి వచ్చిన చాలామందికి వ్యాపారపు అనుభవం, బంధుబలగమే పెట్టుబడి అయ్యాయి.

అలా వచ్చినవారిలో ఖాన్‌చంద్ రామ్నానీ ఒకరు. ఆయన 1953లో హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ తెరిచి, దానికి సింధ్‌లో తాను విడిచివచ్చిన కరాచీ పేరు పెట్టారు. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని తినే నగరంలో, టూటీ ఫ్రూటీ ముక్కలు వేసిన ఫ్రూట్ బిస్కెట్ ఆ బేకరీకి ప్రత్యేక గుర్తింపు తెచ్చింది. ఊరెళ్లేవారు చుట్టాల కోసం ఆ డబ్బాలు కొనుక్కెళ్లడం హైదరాబాదీలకు అలవాటైంది.

2019 ఫిబ్రవరిలో పుల్వామా దాడి తర్వాత బెంగళూరు ఇందిరానగర్ శాఖ ముందు కొందరు ఆందోళన చేయడంతో, బోర్డుపై ‘కరాచీ’ అన్న మాటను కప్పాల్సి వచ్చింది. 2025 మేలో హైదరాబాద్‌లోనూ నిరసనలు ఎదురయ్యాయి. విభజన వల్లే ఊరు విడిచిన కుటుంబాన్ని ఆ ఊరి పేరు చూపి నిలదీయడం అన్యాయం. వారు మాత్రం ఆ పేరు మార్చలేదు.