యాత్రా బస్సులో గ్యాస్ బండ.. ఏమరిస్తే ముప్పే

కాశీ, రామేశ్వరం, శబరిమల వంటి దూర యాత్రలకు వెళ్లే బస్సుల్లో వంట సామగ్రితో పాటు గ్యాస్ బండనూ తీసుకెళ్లడం కనిపిస్తుంది. దారిలో వండుకుంటే ఖర్చు తగ్గుతుందన్నది యాత్రికుల ఆలోచన. అయితే ఏమాత్రం ఏమరుపాటుగా ఉన్నా పుణ్యయాత్ర విషాదాంతమవుతుంది.

మదురై నేర్పిన పాఠం

2023 ఆగస్టు 26 తెల్లవారుజామున తమిళనాడులోని మదురై స్టేషన్ సమీపంలో నిలిపి ఉంచిన ప్రైవేటు పర్యాటక రైలు పెట్టెలో మంటలు చెలరేగి తొమ్మిది మంది మరణించారు. వీరంతా లక్నో నుంచి బయలుదేరిన యాత్రికుల బృందంలోని వారు. నిబంధనలకు విరుద్ధంగా పెట్టెలోకి తెచ్చిన గ్యాస్ సిలిండరే ప్రమాదానికి కారణమని రైల్వే శాఖ ప్రకటించింది. రైలులో ప్రమాదకర వస్తువులు తీసుకెళితే రైల్వే చట్టం 164వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు.

వాహనంలో ముప్పు ఎందుకు ఎక్కువ?

వంటగ్యాస్ గాలి కంటే బరువైనది. లీకైతే పైకి పోకుండా నేలబారున పేరుకుంటుంది. ఇంట్లో తలుపులు, కిటికీలు తెరిస్తే బయటకు పోతుంది. మూసి ఉన్న బస్సు డిక్కీలో ఆ వీలుండదు. పైన కూర్చున్న వారికి వాసన వెంటనే తెలియకపోవచ్చు. గాలిలో గ్యాస్ సుమారు 2 శాతానికి చేరితే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. ప్రయాణపు కుదుపులకు రెగ్యులేటరు, రబ్బరు గొట్టం బిగువు సడలే ప్రమాదమూ ఉంది.

పాటించాల్సిన జాగ్రత్తలు

* ప్రయాణికులున్న బస్సులో సిలిండరు ఉంచకపోవడమే ఉత్తమం.
* తరలించేటప్పుడు రెగ్యులేటరు తీసి, సిలిండరుకు మూత బిగించాలి. నిలువుగానే ఉంచి కదలకుండా కట్టాలి. పడుకోబెడితే ద్రవరూప గ్యాస్ వాల్వు వద్దకు చేరుతుంది.
* వంట బస్సుకు దూరంగా, ఆరుబయటే చేయాలి. వర్షమైనా, చలైనా లోపల పొయ్యి వెలిగించరాదు.
* రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకోసారి మార్చాలి. పగుళ్లు కనిపిస్తే వెంటనే మార్చాలి. లీకును సబ్బునీటితోనే పరీక్షించాలి. అగ్గిపుల్లతో చూడరాదు.
* ఇంటి అవసరాలకిచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపార అవసరాలకు వాడటం నిషిద్ధం. ట్రావెల్స్ నిర్వాహకులు ఇది గమనించాలి.

వాసన వస్తే..

బస్సును ఆపి ఇంజిను కట్టేయాలి. లైట్లు, ఫ్యాన్ల స్విచ్‌లు ముట్టుకోకుండా అందరినీ దింపి దూరంగా పంపాలి. అక్కడి నుంచి గ్యాస్ లీకేజీ అత్యవసర నంబరు 1906కు, మంటలు వస్తే 101కు ఫోన్ చేయాలి.

పెద్ద క్షేత్రాలు అనేకం నిత్యాన్నదానం నిర్వహిస్తున్నాయి. కాశీలో తెలుగువారి ఆశ్రమాలూ భోజన వసతి కల్పిస్తున్నాయి. బయలుదేరే ముందే వీటిని విచారించుకుంటే గ్యాస్ బండను ఇంటి వద్దే వదిలి నిశ్చింతగా యాత్ర సాగించవచ్చు.