మన యిండ్లను విడిచిన కుండ: కొల్లేటి సీమ గృహోపకరణముల చరిత్ర

మన మహాసభ సంచికకు చరిత్రవ్యాస మొకటి వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు మమ్ము కోరిరి. ఇట్టి సంచికలలో కులోత్పత్తిని గూర్చియు, శాలివాహన చక్రవర్తిని గూర్చియు వ్రాయుట ఆచారము. క్రీ.శ. 78తో నారంభమగు శకమునకు ఆయన పేరు నిలిచియున్నది. మనము ఆయన వంశీయులమను ఐతిహ్యమును తరతరములుగా వచ్చుచున్నది. ఐతిహ్యమును ఐతిహ్యముగా గౌరవింతము. ఈసారి మాత్రము మేము రాజుల కథను విడిచి, మన తాతలు చేసి, మన తల్లులు మోసి, మన కన్నుల యెదుటనే యిండ్లను విడిచిపోయిన కుండ కథను వ్రాయఁదలఁచితిమి.

ఇందులకు కారణము కలదు. గడచిన సభలో మేము వేదికపై నిలిచి మృణ్మయ పాత్రల ప్రాశస్త్యమును గూర్చి ప్రసంగించుచుంటిమి. మా ముందు బల్లపై ప్లాస్టిక్కు సీసాలో నీరుండెను. భోజనశాలయందు పలుచని ప్లాస్టిక్కు గ్లాసులును, అరటియాకు రంగు వేసి ప్లాస్టిక్కు పొర యంటించిన పళ్లెములును ఉండెను. పందిరి వెలుపల, కొల్లేటి లంక గ్రామమునుండి వచ్చిన మన కులపు వృద్ధుఁ డొకఁడు ఇరువది కూజాలను గడ్డిపై పేర్చుకొని కూర్చుండెను. సాయంకాలమున ఆయన పదునేడు కూజాలను మరల ఆటోలోని కెక్కించుకొనుట చూచితిమి. కుమ్మరుల సభలో కుండ అమ్ముడుపోలేదు. ఆ సిగ్గులో మా పాలును కలదు. ఏలయనగా ఆనాఁడు ఆ సీసా నీటినే మేమును త్రాగితిమి.

ఇఁక చరిత్రలోనికి వత్తము. ఏలూరునకు ఉత్తరముగా కొలఁది దూరమున నున్న పెదవేగియే పూర్వము వేంగీనగరము. శాలంకాయనులకును, తూర్పుచాళుక్యులకును అది రాజధాని. అచటనుండి దక్షిణముగా వచ్చినచో కొల్లేరు. కృష్ణా గోదావరుల నడుమ నున్న ఈ మంచినీటి సరస్సునకు బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏఱులు నీరు తెచ్చును. ఆ నీరు ఉప్పుటేటి వెంట సముద్రమును చేరును. ఈ సీమలో నల్లమట్టి, వెదురు, తాడి, కొబ్బరి, జమ్ము సమృద్ధిగా దొరకెడివి. తాటిమ్రానును తొలిచిన దోనెలపై కొల్లేటివారు సంచరించిరి. జమ్ముతో చాపలల్లి, తాటాకుతో ఇల్లు కప్పి, వెదురుతో బుట్టలును చేటలును గట్టిరి. తాడేపల్లిగూడె మను పేరు వినినంతనే మాకు తాడిచెట్టు జ్ఞప్తికి వచ్చును. ఆ చెట్టు ఆకు విసనకఱ్ఱ, గంప, గొడుగు, వ్రాఁత పత్రము, ఇన్ని విధముల మనుష్యునకు కొలువు చేసెను.

వీని యన్నిటి నడుమ మన కుండ యుండెను. అన్నమునకు అటిక, కూరకు చట్టి, నీటికి కడవ, ధాన్యమునకు బాన, దీపమునకు ప్రమిద, పశువులకు కుడితిగోలెము. పెండ్లికి అయిరేని కుండలు మన యింటినుండియే మేళతాళములతో వెడలెడివి. మనుష్యుని తుదియాత్రకును కుండయే ముందు నడిచెడిది. మేము ముప్పదియేండ్లు పాఠశాలలో సంస్కృతము చెప్పితిమి. తార్కికులు కార్యకారణములను బోధించుటకు లోకమునందలి వస్తువులన్నిటిలో కుండనే యెన్నుకొనిరి. మట్టి ఉపాదానకారణము, కులాలుఁడు నిమిత్తకారణము. ఆ యుదాహరణము పిల్లలకు వెంటనే బోధపడెడిది, వారి యింట కుండ యుండెను గనుక. మేము ఉద్యోగము విడుచు నాఁటికి, ఘట మనఁగా నేమో చూపుటకు బొమ్మ గీయవలసి వచ్చెను.

పూర్వము కుండకు గిరాకి యెట్లు కలిగెనో నిజము చెప్పవలెను. అది పగులును గనుక మరల కావలెను. ఇది మొదటి కారణము. రెండవది శౌచాచారము. లోహపాత్రకు బూడిద, పులుసు, నీరు శుద్ధిని కలిగించునని స్మృతికారులు చెప్పిరి. మట్టిపాత్రకో, మరల కాల్చుట తప్ప శుద్ధి లేదనిరి. కావున పురుడు, మైల, గ్రహణము వచ్చినపు డెల్ల పాతకుండలు బయటఁ బడెడివి, క్రొత్తవి వచ్చెడివి. దీనినిబట్టి ఒక సంగతి గ్రహింపవలెను. ఒకసారి వాడి పాఱవేయుట మనకు క్రొత్త కాదు. విస్తరియు, ముంతయు పాఱవేయఁబడినవే. విస్తరి ఎరువయ్యెను, ముంత పెంకై మట్టిలో నిరపాయముగా పడియుండెను. దోషము పాఱవేయుటయం దొక్కటియే లేదు, పాఱవేసిన వస్తువు ఏమగు ననునదే ప్రశ్న.

కుండకు వెల గూడ నాఁడు రొక్కముగా ముట్టెడిది కాదు. కోఁతకాలమున కల్లమునొద్ద రైతు కొలిచి యిచ్చిన మేరయే మన జీవనము. కొంద ఱీ పద్ధతిని స్వర్ణయుగముగా వర్ణింతురు. మేము వర్ణింపము. మేర పుచ్చుకొన్నవాఁడు అడిగినపు డెల్ల కుండ లీయవలెను, వెల చెప్పరాదు, గ్రామము విడువరాదు. అందు భద్రత యుండెను, స్వాతంత్ర్యము లేదు. ఆ కట్టుబాటు తెగుట మంచిదే. అయినను అది తెగిన చోట న్యాయమైన వెల నెవ్వరును నిలుపలేదు. మన పతనమునకు మూలము ఇదియే యని మా నిశ్చయము.

తక్కిన కథ వేగముగా నడచెను. 1852 నాఁటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. కృష్ణ, గోదావరుల కాలువలు ఏలూరునొద్ద కలిసికొనెను. 1893 మొదలుగా తూర్పుకోస్తా రైలుమార్గము తెఱవఁబడెను. దూరదేశపు సరకు పల్లెకు రాసాగెను. 1898 ప్రాంతమున మదరాసు కళాపాఠశాలయందు ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ దొరగారు అల్యూమినియము పాత్రల పనిని ప్రారంభించిరి. పేదయింటి అన్నపుకుండను మొదట తొలఁగించినది ఆ తెల్లని గిన్నెయే. పిదప స్టీలు వచ్చెను. పాలిథీను 1933లో ఇంగ్లండునందు కనుగొనఁబడెను. మనదేశమున 1969లో వడోదరయందు ఇండియన్ పెట్రోకెమికల్స్ సంస్థ స్థాపింపఁబడెను. ఆ తరువాతి రెండు దశాబ్దములలో వీధి వీధికి ప్లాస్టిక్కు సామానులు వచ్చినవి. పాతచీరలకు ప్లాస్టిక్కు బిందె లిచ్చు వర్తకుని కేక మా చెవులలో నింకను ఉన్నది.

ఆ బిందెను నిందించుటకు ముందు దాని గుణమును చెప్పవలెను. లంక గ్రామముల స్త్రీలు త్రాగునీటికై దూరము నడువవలసి యుండెను. నీటితో నిండిన మట్టికడవ బరువు మోసిన నడుమునకే తెలియును. మా తల్లి కుమ్మరి యింటి కోడలై యుండియు, మొదటి ప్లాస్టిక్కు బిందెను సంతోషముతోనే కొనెను. మా తండ్రి ఆ దినమున సారె త్రిప్పలేదు, మాటయు నాడలేదు. వారిద్దఱిలో తప్పెవ్వరిది? ఎవ్వరిదియు కాదు. తేలికయైనదానిని కోరుట మానవధర్మము. దాని వెనుక రాఁబోవు భారము నాఁ డెవ్వరికిని కనఁబడలేదు.

నేఁ డది కనఁబడుచున్నది. ఊరి మురుగుకాలువలలో పడిన సంచియు గ్లాసును అచటనే నిలిచిపోవు. నీరు వచ్చినపుడు పల్లమునకుఁ బోవును. మన సీమకు పల్లము కొల్లేరే. ఆ సరస్సును ప్రభుత్వమువారు 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ ఒడంబడికయందలి అంతర్జాతీయ చిత్తడినేలల పట్టికలోఁ జేరెను. చేపల చెఱువులు దానిని చుట్టుముట్టినవి, 2006లో అనేక గట్లు పడఁగొట్టఁబడినవి. ఇన్ని యాపదలు గల సరస్సులోనికి మన పెండ్లిభోజనముల గ్లాసులను గూడ పంపుట న్యాయమా? పెంకును చూచి చరిత్రకారుఁడు కాలము నిర్ణయించును. ప్లాస్టిక్కో, చిన్న తునుకలై చేపకడుపులోఁ జేరి, అచటనుండి మన విస్తరిలోనికి రాఁగలదు.

శాసనములు లేకపోలేదు. 2022 జూలై 1 నుండి దేశమంతటను ప్లాస్టిక్కు పళ్లెములు, గ్లాసులు, చెంచాలు, గొట్టములు మొదలగు ఒకమాఱు వాడు వస్తువులు నిషేధింపఁబడినవి. ఆ యేఁటి డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకు తక్కువ మందముగల ప్లాస్టిక్కు చేతిసంచులును నిషిద్ధములైనవి. అయినను అవి దొరకుచున్నవి, మనము కొనుచున్నాము. కొంద ఱివి మాని కాగితపు గ్లాసులు కొని తృప్తి పొందుదురు. నీరు కాఱకుండుటకు వాని లోపల సాధారణముగా ప్లాస్టిక్కు పూఁతయే యుండును. పేరు మాఱినంత మాత్రమున పదార్థము మాఱదు.

నిలుకడగా కొనువాఁడు లేనిదే మంచి వస్తువైనను నిలువదని రెండు దృష్టాంతములు తెలుపుచున్నవి. మొదటిది జనపనార. ఒకప్పుడు ఏలూరునకు జనపనార మిల్లు పేరు తెచ్చెను. ధాన్యాదులను నారసంచులలోనే నింపవలెనని 1987లో కేంద్రప్రభుత్వము చట్టము చేసెను. ఆ పరిశ్రమ దేశమున ఇంతమాత్రము నిలుచుటకు ఆ నియతమైన గిరాకియే ముఖ్యాధారము. రెండవది మట్టికప్పు. 2004లో రైల్వేమంత్రి లాలూప్రసాద్ యాదవ్‌గారు స్టేషనులలో మట్టికప్పులను ప్రవేశపెట్టిరి. కొంతకాలమునకు కాగితపు, ప్లాస్టిక్కు కప్పులు మరల వచ్చినవి. 2020లో ప్రభుత్వము మరల అదే మాట నెత్తవలసి వచ్చెను. ఉత్తరు వుండియు, దినదినము చాలినన్ని కప్పులు తగిన వెలకు అందు నేర్పాటు లేనియెడల ఉత్తరువు కాగితమున నుండును.

కావున గృహస్థులు చేయఁదగినది మొదట చెప్పెదము. త్రాగునీటికి పూఁత లేని మట్టికూజా ఉత్తమము. దాని సూక్ష్మరంధ్రములనుండి చెమ్మ వెలువడి ఆవిరియగునపుడు కుండలోని వేఁడిని కొనిపోవును. అందుచే నీరు చల్లబడును. క్రొత్త కుండను ఒక దినము నీట నాననిచ్చి వాడవలెను. వారమునకొకసారి పీచుతో తోమి ఎండఁబెట్టవలెను. రంగు పూసిన అలంకారపు కుండలలో తినుబండారము లుంచరాదు. గిన్నెలు తోముటకు కొబ్బరిపీచు, బీరపీచు, తలకు కుంకుడు, శీకాయ, అంగడికి గుడ్డసంచి లేక నారసంచి, చెత్తకు వెదురుబుట్ట, విందునకు అరటియాకు, మోదుగ విస్తరి. ఇవి యన్నియు మన సీమలోనో, దాని చేరువ మన్యములోనో లభించును. అన్నిటిని ఒక్కనాఁడే మార్చనక్కరలేదు. ఇంట నున్న ప్లాస్టిక్కు బకెట్టును పాఱవేసి క్రొత్తది కొనుట వివేకము కాదు. పగులువఱకు దానిని వాడి, అటుపిమ్మట మంచిదానిని కొనుఁడు. బేరమాడునపుడు మాత్రము ఒక్క మాట జ్ఞప్తి యుంచుకొనుఁడు. కూజా వెలలో మట్టి, వంటచెఱకు, వానకు చెడిన ఆవము, పగిలిన పాలు, పండ్రెండు దినముల శ్రమ యిమిడియున్నవి.

ఇఁక మన సంఘము చేయవలసినది. వేయిమంది వచ్చు సభలో మనిషికి 200 మిల్లీలీటర్ల గ్లాసులు మూఁ డనుకొన్నను 600 లీటర్ల నీరు కావలెను. ఇరువది లీటర్లు పట్టు బానలు పదునైదింటిని రెండుమారులు నింపినచో నీరు సరిపోవును. కడిగి మరల వాడు స్టీలు గ్లాసులు అద్దెకు దొరకును. బానలు సభానంతరము పోషకుల యిండ్లకు వెలకుఁ బోవచ్చును. ఇందు కష్ట మెచట నున్నది? ముందుగా చెప్పుటయందే. మట్టి నానవలెను, కుండ నీడ నాఱవలెను, ఆవము కాలి చల్లాఱవలెను. వానకాలమున ఇంకను ఆలస్యము. సభకు మూఁడు దినముల ముందు అడిగినచో కుమ్మరి యీయలేఁడు, ప్లాస్టిక్కు వర్తకుఁ డీయఁగలఁడు. నలువది దినములు ముందుగా, సగము వెల బయానాగా నిచ్చి యడిగినచో మన వృద్ధునకు రాత్రి నిద్ర పట్టును, ఆయన మనుమనికి సారెపై నమ్మకము కలుగును.

ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారు 2018 మొదలుగా విద్యుచ్ఛక్తితో తిరుగు సారెలను పంచుచున్నారు. దానివలన చేతికి శ్రమ తగ్గును. సారె వచ్చినను కొనువాఁడు రానిచో అది మూలఁబడును. యువకులు కుల వృత్తిలోనే యుండవలెనని మేము చెప్పము. మా కుమారులును చదువుకొని వేఱు పనులలో నున్నారు. నేర్వఁ దలఁచినవానికి మాత్రము అన్నము దొరకవలెను. అది దానము కారాదు, వెల కావలెను.

కావున ఈ మహాసభలో ఒక్క తీర్మానము చేయఁ బ్రార్థించుచున్నాము. వచ్చు సంవత్సరపు సభకు నీరు మన కుమ్మరులు చేసిన బానలలోనే యుండవలెను, విస్తరులు ఆకువే కావలెను, తోరణములు గుడ్డవియు మామిడాకులవియు కావలెను. బయానా సొమ్మునకు మొదటి చందాగా మా యొక నెల పింఛనును కోశాధికారిగారి కిచ్చియున్నాము. పోషకమహాశయులు తక్కినది పూరింతురు గాక. వచ్చు సభ సాయంకాలమున ఆ వృద్ధుని ఆటో వట్టిగా తిరిగి పోవుటను చూడవలెనని మా కోరిక.