మరమగ్గం మోత మెదడుకు చేరే దారి

సూరత్‌లోని లింబాయత్ పరిసరాలలో తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా నివసిస్తున్నాయి. వారిలో అనేకులకు జీవనాధారం మరమగ్గాలు. సిరిసిల్లలో వాటినే సాంచాలంటారు. ఆ షెడ్లలో పక్కమనిషితో మాట్లాడాలన్నా కేకవేయక తప్పదు. ఆ మోత చెవి నుంచి మెదడుకు చేరేది ధ్వనిగా కాదు, విద్యుత్ సంకేతంగా.

ఇది తీగలో పారే కరెంటు వంటిది కాదు. తీగలో ఎలక్ట్రాన్లు కదులుతాయి. నాడీకణంలో సోడియం, పొటాషియం అయాన్లు కణపొరను దాటుతాయి. పొరలోని పంపు ప్రతి విడతలో మూడు సోడియం అయాన్లను బయటికి నెట్టి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. లోపల చేరిన పొటాషియం కొంత మళ్లీ బయటికి జారుతుంటుంది. అందువల్ల విశ్రాంతి స్థితిలో కణం లోపలి భాగం వెలుపలికంటే సుమారు 70 మిల్లీవోల్టుల మేర రుణాత్మకంగా ఉంటుంది.

ప్రేరణ తగిన స్థాయికి చేరగానే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. లోపలి భాగం క్షణకాలం ధనాత్మకమవుతుంది. వెంటనే పొటాషియం బయటికి వెళ్లి పూర్వస్థితి నెలకొంటుంది. ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్ల వ్యవహారం. ఒకచోట కలిగిన మార్పు పక్క భాగాన్ని మేల్కొల్పుతూ సంకేతం ముందుకు సాగుతుంది. మైలిన్ తొడుగు ఉన్న తంతువులలో కొన్నింట దాని వేగం సెకనుకు 100 మీటర్లు దాటుతుంది. స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువుపై ప్రయోగాలతో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో ఈ ప్రక్రియకు గణిత రూపమిచ్చారు. 1963లో నోబెల్ బహుమతి పొందారు.

సంకేతం పుడితే పూర్తిగా పుడుతుంది, లేకుంటే లేదు. పెద్ద మోతకు పెద్ద సంకేతమంటూ ఉండదు; సంకేతాలు మరింత తరచుగా, మరిన్ని తంతువులలో వెలువడతాయి, అంతే.

శ్రవణనాడికి ఈ ప్రేరణనిచ్చేవి లోపలి చెవిలోని రోమకణాలు. ఒక్కో చెవిలో ఇవి సుమారు 15 వేలు. ధ్వనికి వాటి కొసలు వంగగానే పొటాషియం లోపలికి ప్రవేశిస్తుంది. అవి గ్లుటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేస్తాయి. ఎడతెగని మోతకు నశించిన రోమకణాలు మనిషిలో తిరిగి మొలవవు. రోమకణాలు నిలిచి ఉన్నా, వాటికీ నాడికీ మధ్య సంధులు ముందే తెగిపోవచ్చని జంతువులపై పరిశోధనలు చూపాయి. నిశ్శబ్దంలో వినిపించే మాట నలుగురి మధ్య అర్థంకాకపోవడానికి ఇదొక కారణమని శాస్త్రవేత్తల అభిప్రాయం.

అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ 8 గంటల పనికి 85 డెసిబెల్స్‌ను పరిమితిగా సిఫారసు చేసింది. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ అనుమతించదగిన సమయం సగానికి తగ్గుతుంది. ఆ లెక్కన 94 డెసిబెల్స్ వద్ద మిగిలేది ఒక్క గంట. మరమగ్గాల షెడ్లలో మోత సాధారణంగా 90 డెసిబెల్స్ దాటుతుంది. సూరత్‌లో షిఫ్టు తరచుగా 12 గంటలు.